పినాంగ్‌లో గోడ బొమ్మలు చూస్తూ నడవాలంటే: జార్జ్‌టౌన్‌కి రెండు రోజుల దారి

అడిగిన ప్రశ్న: "డిసెంబరులో మలేషియా వస్తున్నాం. పినాంగ్‌లో రెండు రోజులు, అందులో ఒకటి ఆదివారం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. బాబుకి తొమ్మిదేళ్లు. జార్జ్‌టౌన్‌లో స్ట్రీట్ ఆర్ట్ చూడాలని అందరూ అంటున్నారు. సైకిల్ బొమ్మ దగ్గర ఫొటో దిగి వచ్చేయడమేనా, ఇంకేమైనా ఉందా? నడిచి చూడాలంటే ఎటు నుంచి ఎటు వెళ్లాలి?"

నేను ఉండేది ఈ పినాంగ్ ద్వీపంలోనే, బయాన్ లెపాస్ వైపు. ఊరి నుంచి చుట్టాలు, స్నేహితులు ఎవరు వచ్చినా జార్జ్‌టౌన్‌లో తిప్పే పని నాదే. కాబట్టి మ్యాపుల్లో కనిపించేవి కాకుండా, అక్కడ కాళ్లకి, కళ్లకి నిజంగా ఎదురయ్యేవి చెప్తాను.

ముందు మీ మొదటి ప్రశ్న. ఫొటో కోసమే అయితే అరగంట చాలు. బస్సు దిగి, వరసలో నిలబడి, సైకిల్ పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కానీ ఇక్కడి బొమ్మలు పెద్ద పెద్ద గోడల మీద వేసిన భారీ చిత్రాలు కావు. మన ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల మీద నిలువెత్తు రంగులు చూసినవాళ్లు అదే ఊహించుకుని వస్తే, "ఇంతేనా?" అనిపిస్తుంది. ఇవి చాలావరకు పిల్లల ఎత్తులో, పెచ్చులూడిన పాత గోడల మీద, ఆ గోడకి ఉన్న పగులునో కిటికీనో వాడుకుంటూ వేసినవి. గోడని వదిలేసి బొమ్మని మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఆ ఇల్లు ఎలాంటిది, అందులో ఏ వ్యాపారం నడిచింది, ఎవరు ఉండేవాళ్లు అన్నది కొంచెం తెలిసి నడిస్తే రెండు రోజులు కూడా చాలవు. అందుకే దారి కంటే ముందు రెండు ముక్కలు నేపథ్యం చెప్తాను, విసుక్కోకండి.

జార్జ్‌టౌన్ పాత పట్టణమంతా షాప్‌హౌస్‌లే. కింద దుకాణం, పైన కాపురం. ముందువైపు వెడల్పు తక్కువ, లోపలికి చాలా పొడవు. మధ్యలో మన మండువా ఇంట్లోలాగా ఆకాశం కనిపించే ఖాళీ, వాన పడితే నీళ్లు అందులోకే దిగుతాయి. వీధి వైపు పై అంతస్తు కింద నడవడానికి కప్పు ఉన్న అరుగు వదులుతారు. దీన్ని ఫైవ్ ఫుట్ వే అంటారు. ఎండ, వాన తగలకుండా వీధంతా నడవచ్చన్నది ఉద్దేశం. ఈ ఇళ్లలో చాలామంది తరతరాలుగా తక్కువ అద్దెకి ఉండేవాళ్లు. అద్దె నియంత్రణ చట్టం రద్దు 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక అద్దెలు పెరిగి, వేల మంది ఊరి నడిబొడ్డు వదిలి వెళ్లిపోయారు. తర్వాత 2008 జులైలో యునెస్కో, మెలాకాతో కలిపి జార్జ్‌టౌన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్లకి రక్షణ దొరికింది గానీ అప్పటికే వాటిలో మనుషులు తగ్గిపోయారు. మీరు చూడబోయే బొమ్మలు ఆ ఖాళీ అయిన వీధుల్లోకి వచ్చినవే.

బొమ్మలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఇనుప కడ్డీల కార్టూన్లు. పినాంగ్ రాష్ట్ర ప్రభుత్వం 2009లో పెట్టిన పోటీలో గెలిచిన స్కల్ప్చర్ ఎట్ వర్క్ అనే సంస్థ, కార్టూనిస్టుల చేత గీయించి వీటిని చేసింది. మొత్తం 52. నల్లటి కడ్డీలు వంచి చేసిన మనుషులు, రిక్షాలు, గొడవలు, పక్కనే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. రెండో రకం రంగుల బొమ్మలు. 2012 జార్జ్‌టౌన్ ఫెస్టివల్ కోసం ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే లిథువేనియా కుర్రాడు 'మిర్రర్స్ జార్జ్‌టౌన్' పేరుతో వేసినవి ఇవే. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు. ప్రపంచమంతా తిరిగే ఆ సైకిల్ ఫొటో అతని బొమ్మదే.

నా అభిప్రాయం అడిగితే, రంగుల బొమ్మల కోసం వచ్చినవాళ్లు ఇనుప కార్టూన్లని దాటుకుని వెళ్లిపోవడం చూస్తే బాధేస్తుంది. ఆ వీధి కథ చెప్పేవి అవే. మీ బాబుకి ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి, వాటిని వెతికి చదివి మీకు చెప్పే పని వాడికి అప్పగించండి. "ఇంకెంత దూరం" అన్న మాట వినపడదు.

ఇక దారి. మొదటి రోజు ఉదయం ఏడున్నరకల్లా ఆర్మేనియన్ వీధికి చేరండి. ఇక్కడ ఏడు దాటాక గానీ సరిగ్గా తెల్లవారదు, కాబట్టి ఏడున్నర అంటే మరీ పొద్దున్నేమీ కాదు. పది దాటితే టూరు బస్సులు, సావనీర్ బండ్లు, ఎండ మూడూ ఒకేసారి వస్తాయి. గ్రాబ్ యాప్‌లో కారు బుక్ చేసుకుని బీచ్ స్ట్రీట్ మలుపులో దిగితే అమ్మకి నడక తగ్గుతుంది. బోర్డుల మీద వీధి పేర్లు మలయ్‌లో ఉంటాయి: ఆర్మేనియన్ వీధి లెబుహ్ ఆర్మేనియన్, బీచ్ స్ట్రీట్ లెబుహ్ పంతాయ్ ఇలా. లెబుహ్ అంటే వీధి, లోరోంగ్ అంటే సందు, జాలాన్ అంటే రోడ్డు. ఈ మూడూ తెలిస్తే మ్యాపు చూడడం తేలిక.

సైకిల్ బొమ్మ బీచ్ స్ట్రీట్ మలుపుకి దగ్గర్లోనే ఉంటుంది. గోడకి నిజం సైకిల్ బిగించి, దాని మీద కూర్చున్నట్టు ఇద్దరు పిల్లల్ని గోడ మీద వేశాడు. ముందు అక్క, వెనక ఆమె నడుము పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతున్న తమ్ముడు. జనం లేని ఈ వేళలో కొంచెం దగ్గరికి వెళ్లి చూడండి. రంగు పలచబడిన చోట కింది సున్నం కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరూ చేత్తో తాకే చోట్ల ఎక్కువ అరిగింది. ఈ పాత గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. నేలలోంచి తేమ పైకి పాకుతుంది, సముద్రపు ఉప్పు కూడా తోడవుతుంది, సున్నం ఉబ్బి పొరలు పొరలుగా రాలుతుంది. అందుకే ఇక్కడ ఏ బొమ్మా ఎక్కువ కాలం కొత్తగా ఉండదు. మీరు ఇంటర్నెట్‌లో చూసిన ఫొటో 2012 నాటిదైతే, మీ ఎదురుగా ఉన్నది దానికన్నా వెలిసి ఉంటుంది. నిరాశ పడకండి. పిల్లల ముఖాల్లో ఆ పరుగు, ఆ భయం, ఆ సంతోషం ఇంకా అలాగే ఉన్నాయి. బాబుకి ఒక్క మాట చెప్పండి: సైకిల్ మీద చెయ్యి వేయొచ్చు, గోడ మీద వద్దు.

అక్కడి నుంచి పక్క వీధి లెబుహ్ ఆ క్వీ. పాత మోటారు సైకిల్ మీద వెనక్కి తిరిగి చూస్తున్న కుర్రాడి బొమ్మ ఉంటుంది. ఇక్కడ కూడా బండి నిజమైనదే. ఈ చుట్టుపక్కల సందుల్లో పిల్లుల బొమ్మలు కూడా కనిపిస్తాయి. 2013లో వీధి జంతువుల మీద జాలి కలిగించడానికి కొందరు కళాకారులు కలిసి వేసిన వరస అది. వాటిలో కొన్నే మిగిలాయి. బాబు వెతుక్కుంటాడు. గాట్ లెబుహ్ చులియా వైపు సందులో లూయిస్ గాన్ వేసిన అన్నాచెల్లెళ్ల ఉయ్యాల ఉంది. అక్కడ ఉయ్యాల కూడా నిజమైనదే, ఫొటోకి మాత్రం అక్కడే బాగా కుదురుతుంది.

ఇప్పుడు కొంచెం నిదానించాల్సిన చోటు కేనన్ స్ట్రీట్. చాలామంది ఇక్కడ కుర్చీ బొమ్మ చూసి ముందుకి వెళ్లిపోతారు. నిజం కుర్చీ మీద నిలబడి, పైన గోడలో ఉన్న రంధ్రం వైపు చెయ్యి చాపే పిల్లవాడు, జకారెవిచ్ వేసిందే. బాగుంటుంది. కానీ అదే వీధిలో 'కేనన్ హోల్' అనే ఇనుప కార్టూన్ వెతకండి. 1867 ఆగస్టులో ఈ పట్టణంలో పది రోజుల పాటు అల్లర్లు జరిగాయి. ఘీ హిన్, తో పే కాంగ్ అనే రెండు చైనీయుల రహస్య సంఘాల మధ్య గొడవ అది. తెల్ల జెండా, ఎర్ర జెండా అని పిలిచే మలయ్, భారతీయ ముస్లింల సంఘాలు చెరో పక్కా చేరాయి. అప్పటి ఫిరంగి దెబ్బకి ఇక్కడ పడిన గుంట గురించే ఆ కార్టూన్. వీధికి ఆ పేరు కూడా దాంతోనే వచ్చిందంటారు. పది అడుగుల్లో ఖూ కాంగ్సీ ఉంది. ఖూ ఇంటిపేరు వాళ్ల వంశ మందిరం, చుట్టూ వాళ్ల ఇళ్లు, లోపలికి వెళ్లడానికి సన్నటి దారులు. అంత ఇరుకు దారులు, అంత దళసరి గోడలు ఎందుకు కట్టుకున్నారో ఆ కార్టూన్ చదివి లోపలికి వెళ్తే అర్థమవుతుంది. మందిరం ఇప్పుడున్న రూపంలో 1906లో పూర్తయింది. చెక్క మీద, రాతి మీద చేసిన పనితనం చూస్తే, వీధి కళ అంటే 2012లోనే మొదలవలేదని తెలుస్తుంది. లోపలికి టికెట్ ఉంటుంది, ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. అమ్మ కాసేపు కూర్చోవడానికి కూడా ఇదే మంచి చోటు.

ఆర్మేనియన్ వీధిలోకి తిరిగి వస్తే సూ హాంగ్ లేన్ అనే సందు తగులుతుంది. ఎంత ఇరుకంటే, దాని మీదే ఒక ఇనుప కార్టూన్ పెట్టారు. బాబు చేతులు చాపి కొలవకుండా ఉండడు. అదే వీధిలో 120వ నంబరు ఇల్లు చైనా నాయకుడు సన్ యాట్ సెన్ అక్కడి విప్లవానికి రహస్యంగా సన్నాహాలు చేసుకున్న చోటు. ఇవన్నీ కలిపి అర కిలోమీటరు లోపే.

అమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. దూరం ఇబ్బంది కాదు, అరుగులే ఇబ్బంది. ఫైవ్ ఫుట్ వే ఒక్కో ఇంటి ముందు ఒక్కో ఎత్తులో ఉంటుంది. మెట్టు ఎక్కు, రెండడుగులు నడువు, మెట్టు దిగు. మధ్యలో ఎవరో బైకు పెట్టేస్తారు, ఇంకెవరో సామాను పేర్చేస్తారు. మోకాళ్లకి ఇది చాలా కష్టం. పొద్దున్నే వీధిలో వాహనాలు తక్కువ కాబట్టి రోడ్డు అంచునే నడిపించండి. గచ్చు పలకలు వాన పడితే జారతాయి, పట్టున్న చెప్పులు వేయించండి. నీళ్ల సీసా, టోపీ, గొడుగు తప్పనిసరి. ఏడాది పొడవునా ఇక్కడ ఎండ ముప్పై డిగ్రీల పైనే ఉంటుంది, ఉక్క మన విశాఖ మే నెలకి తీసిపోదు. డిసెంబరు చివరికి వానలు తగ్గుముఖం పడతాయి, మీరు వచ్చే రోజులు మంచివే.

తొమ్మిదిన్నర ప్రాంతంలో కపితాన్ కెలింగ్ మసీదు మీదుగా లిటిల్ ఇండియా వైపు నడవండి. ఈ మసీదు 1801లో ఇక్కడి భారతీయ ముస్లింల పెద్ద కట్టించింది. ఇదే రోడ్డులో చైనీయుల కరుణాదేవి గుడి, ఆ చివర 1818లో కట్టిన సెయింట్ జార్జ్ చర్చి. క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడి 1833 నాటిది. మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి కూలీలతో, వ్యాపారులతో వచ్చిన ఓడలు ముందు ఆగేది ఈ పినాంగ్ రేవులోనే. వాళ్లలో తమిళులే ఎక్కువ, అందుకే ఈ వీధుల్లో వినపడేది తమిళం. కానీ పక్క రాష్ట్రం పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లోకి, ఇంకా మిగతా ఎస్టేట్లలోకి మన తెలుగువాళ్లు కూడా చాలామంది వచ్చారు. వాళ్ల పిల్లలే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడది మలేషియా తెలుగు సంఘం. జార్జ్‌టౌన్ గోడల మీద మనవాళ్ల బొమ్మ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. ఉంటే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను.

లిటిల్ ఇండియాలో అమ్మకి ఇడ్లీ, దోసె, కాఫీ నిశ్చింతగా దొరుకుతాయి, పూర్తి శాకాహార హోటళ్లు ఉన్నాయి. బయట రోటీ చనాయ్ (మన పరోటా లాంటిది) తింటే పక్కన పోసే పులుసు చేపదో, పప్పో అడిగి తీసుకోండి. 'దాల్' అంటే అర్థం చేసుకుంటారు. ఇక పగలు పదకొండు నుంచి నాలుగు దాకా హోటల్‌కి వెళ్లి పడుకోండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆ ఎండలో తిరిగినవాళ్లకి బొమ్మలు గుర్తుండవు, తలనొప్పి గుర్తుంటుంది.

సాయంత్రం అయిదున్నరకి చ్యూ జెట్టీ. సముద్రంలో కర్రలు పాతి కట్టుకున్న చెక్క ఇళ్ల వరస, అందరిదీ చ్యూ అనే ఒకే ఇంటిపేరు. ఇక్కడ జకారెవిచ్ పడవలో ఇద్దరు పిల్లల్ని వేశాడు. ఉప్పు గాలికి అది దాదాపు పోయింది. బొమ్మ కోసం కాదు, ఆ చెక్క దారి మీద నడవడానికి వెళ్లండి. అయితే ఇవి కాపురాలు ఉండే ఇళ్లు. తలుపులు తెరిచే ఉంటాయి, లోపల ముసలివాళ్లు టీవీ చూస్తుంటారు, పూజ గూట్లో అగరొత్తులు వెలుగుతుంటాయి. ఎంత అందంగా కనిపించినా కెమెరా లోపలికి పెట్టకండి. ఫొటోలు తీయొద్దనీ, ఫలానా వేళ తర్వాత రావొద్దనీ బోర్డులు పెట్టుకోవాల్సి వచ్చిందంటే వాళ్లు ఎంత విసిగి ఉంటారో ఆలోచించండి. ఈ బొమ్మల వల్ల వచ్చిన జనంతో కొందరికి బతుకుదెరువు దొరికింది, కొందరికి ఇంటి ముందు ప్రశాంతత పోయింది. రెండూ నిజమే.

రెండో రోజు ఉదయం మున్‌త్రీ స్ట్రీట్, లవ్ లేన్. ఆర్మేనియన్ వీధికి పావుగంట నడక దూరం, అమ్మ కోసం కారు తీసుకోండి. మున్‌త్రీలో జకారెవిచ్ వేసిన నీలం బట్టల పిల్ల ఉంది. గోడ మీద ఉన్న రెండు కిటికీల పైకప్పుల మీద చేతులు ఆనించి, ఒళ్లంతా గాల్లోకి లేపుకుని ఉంటుంది. అతని బొమ్మల్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే. సైకిల్, కుర్చీ లాంటి వస్తువు ఏదీ తగిలించలేదు, ఆ ఇంటికి అప్పటికే ఉన్న కిటికీలనే వాడుకున్నాడు. ఎదురు వైపు నుంచి చూస్తేనే ఆ బరువు తెలుస్తుంది. ఇదే ప్రాంతంలో చెప్పుల డిజైనర్ జిమ్మీ చూ పని నేర్చుకున్న చోటుని చూపే ఇనుప కార్టూన్, ఇళ్లలో పనిచేసిన చైనీయ ఆయాల మీద ఒకటి, లవ్ లేన్‌లో భార్యకి తెలియకుండా వెళ్లే మొగుడి మీద ఒకటి ఉన్నాయి. చివరిది బాబుకి ఎలా చెప్పాలో మీరే చూసుకోండి.

అక్కడి నుంచి పినాంగ్ రోడ్డు వైపు వస్తే లెబుహ్ కెంగ్ క్వీ సందులో చెందోల్ తాగండి. కొబ్బరి పాలు, తాటి బెల్లం పాకం, ఆకుపచ్చటి పిండి సేమ్యా, ఐసు. అమ్మ కూడా తీసుకోవచ్చు.

మీ రెండో రోజు ఆదివారం అనుకుంటే, పదకొండు తర్వాత హిన్ బస్ డిపోకి వెళ్లండి. 1947లో కట్టిన బస్సుల డిపో, మూతపడి పాడుబడింది. 2014 జనవరిలో జకారెవిచ్ అక్కడ సొంత ప్రదర్శన పెట్టాడు, ఆ తర్వాత అది కళాకేంద్రంగా నిలబడిపోయింది. కప్పు లేని ఆవరణ చుట్టూ గోడల మీద బొమ్మలు, లోపల చిత్రాల గ్యాలరీ, ఆదివారం చేతి పనివాళ్ల సంత. టికెట్ పెట్టి అద్దాల గదుల్లో త్రీడీ బొమ్మలు చూపించే మ్యూజియంలు ఊరంతా ఉన్నాయి, ఆ డబ్బు అక్కడ పెట్టకండి. హిన్‌లో ఒక కుర్ర కళాకారుడి దగ్గర చిన్న ప్రింటు కొనండి. మీ డబ్బు ఈ ఊళ్లో బొమ్మలు గీసేవాళ్ల చేతికే వెళ్తుంది. సైకిల్ బొమ్మ అచ్చేసిన టీషర్టులు అమ్మేవాళ్లలో ఎంతమంది అసలు గీసినవాళ్లకి ఏమైనా ఇస్తారన్నది నాకు ఎప్పుడూ ఉండే అనుమానం.

ఒక విషయం కూడా తెలిసి ఉండాలి. 2013లో ఇదే జకారెవిచ్ జొహోర్ బారు అనే ఇంకో మలేషియా నగరంలో ఒక మలుపు దగ్గర లెగో బొమ్మల్లాంటి ఇద్దర్ని వేశాడు: ఇటు బ్యాగుతో వస్తున్న ఆడమనిషి, అటు కత్తితో పొంచి ఉన్న దొంగ. ఊరి పరువు పోతుందని అక్కడి నగర పాలక సంస్థ కొద్ది రోజుల్లోనే దాని మీద తెల్ల రంగు కొట్టించింది. జార్జ్‌టౌన్‌లో మీరు చూసేవన్నీ నవ్వే పిల్లలే కావడానికి కారణం ఇందులో కొంత ఉంది. ఇవి ప్రభుత్వం పిలిచి వేయించుకున్న గోడలు. అందుకే ఖాళీ అయిన ఇళ్ల గురించి, పెరిగిన అద్దెల గురించి ఈ గోడలు పెద్దగా మాట్లాడవు. మూతపడిన పాత దుకాణాల మీద మిగిలిన చెక్క బోర్డులు, వాటి పక్కనే కొత్తగా వెలిసిన కాఫీ షాపులు చూస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

వాన పడితే కంగారు పడొద్దు, గంటలో తగ్గుతుంది. అరుగు కింద నిలబడండి. నడవలేకపోతే పాత పట్టణం లోపల తిరిగే క్యాట్ బస్సు ఉచితం, అమ్మని అందులో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పినా సగం వీధులు కనిపిస్తాయి. సైకిల్ రిక్షా కూడా ఉంటుంది, ఎక్కే ముందే గంటకి ఎంతో మాట్లాడుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి కారైతే అరగంట పైన, బస్సైతే గంట వేసుకోండి. మీరు ఉండే హోటల్ ఏ వీధిలోనో చెప్తే, అక్కడి నుంచి అమ్మకి మెట్లు తక్కువ తగిలే దారి రాసి పెడతాను.